కప్పుట వేరు, దాచుట వేరు



ఒకని లోపమును కప్పుట ప్రేమయా, మోసమా? ఈ ప్రశ్న మన పల్లెలలో తరచుగా లేచుచుండును. పెండ్లి సంబంధము మాటలాడునప్పుడు లేచును. ఎద్దునో, పొలమునో, పాత బండినో అమ్మజూపునప్పుడు లేచును. సంఘములో ఒకడు తప్పిపోయి తిరిగి వచ్చినప్పుడు లేచును. లేఖనమును తెరచి చూచినను మొదట మనకు తికమక కలుగును. ప్రేమ అనేక పాపములను కప్పునని పేతురు తన మొదటి పత్రిక 4వ అధ్యాయములో బోధించెను. అయితే యెహెజ్కేలు 13వ అధ్యాయములో దేవుడు, బలములేని గోడకు పైపూత పూసి అంతయు బాగున్నదని చెప్పువారి మీద కోపపడెను. ఒకచోట కప్పుట పుణ్యము. మరియొకచోట కప్పుట ద్రోహము. ఈ రెంటికి నడుమ గీత ఎక్కడ నున్నది?

దీనిని పెద్ద మాటలతో గాక ఒక చేతిపనిని చూచి తెలిసికొందము. ఆ పని పాత మోటారు సైకిలు చక్రములను విప్పి, తుప్పు తీసి, పూత వేసి, తిరిగి అల్లి నిలబెట్టు పని. ఇది చిన్న పనివలె కనబడును గాని, దీనిలో ఒక మనుష్యుని ప్రాణము ఇమిడియున్నది. కాబట్టి నీతి కూడ ఇమిడియున్నది.

మన ఎర్రగుంట్ల రైలు కూడలి. చుట్టును నాపరాతి గనులు, సిమెంటు కర్మాగారములు. ప్రొద్దుటూరు దారిని చూచినను, ముద్దనూరు దారిని చూచినను బరువు లారీలు తిరుగుచుండును. ఇట్టి దారులలో గట్టి బండి లేక పని సాగదు. 1955లో ఇంగ్లండు దేశపు రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీయు, మద్రాసు మోటార్స్ వారును కలిసి మద్రాసు ప్రక్క తిరువొత్తియూరులో బుల్లెట్టు బండ్లను తయారుచేయుటకు పూనుకొనిరి. 1961లో మైసూరులో ఐడియల్ జావా వారు జావా బండ్లను మొదలుపెట్టిరి. ఆ కర్మాగారము 1996లో మూతపడెను. ఆ కాలపు బండ్లు నేటికిని కొన్ని ఇండ్ల వసారాలలోను, పశువుల కొట్టములలోను గోనెపట్టాల క్రింద నిలిచియున్నవి. ఒకప్పుడు వాటిని పాత ఇనుము వానికి తూకమునకు వేసిరి. ఇప్పుడు కాలము మారినది. పట్టణములవారు వాటిని వెదకి కొనుచున్నారు. 2021లో కేంద్ర ప్రభుత్వము ప్రత్యేకమైన నియమములు చేసెను. మొదట రిజిస్టరైన నాటినుండి 50 ఏండ్లు దాటి, అసలు రూపము పెద్దగా మార్చబడక నిలిచిన బండ్లకు ప్రత్యేక వరుసలో సంఖ్య ఇత్తురు. క్రొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు. పాతదానికి వెల వచ్చినది. వెల వచ్చినచోటికి శోధన కూడ వచ్చును.

చక్రమును గూర్చి ముందు కొంచెము తెలిసికొనవలెను. మన ఎద్దులబండి చక్రములో కుండయు, ఆకులును, పూటీలును ఉండును. వాటిచుట్టు కాల్చిన ఇనుపపట్టాను తొడిగి నీళ్లు పోయుదురు. పట్టా చల్లారి కుదించుకొని అన్నిటిని బిగించును. ఆ చక్రములో బరువును మోయునది క్రిందనున్న కొయ్య ఆకు. అది స్తంభమువలె నిలబడి మోయును. మోటారు సైకిలు చక్రము అట్లు కాదు. సన్నని స్పోకు కమ్మిని రెండు కొసలు పట్టి నొక్కినయెడల అది వంగిపోవును. లాగినయెడల మాత్రము ఎంతో బరువు నాపును. కాబట్టి ఆ కమ్ములన్నిటిని ముందుగానే లాగి బిగించి యుంచుదురు. బుల్లెట్టు చక్రములో అట్టివి 40 ఉండును. కొన్ని హబ్బు కుడివైపునుండి, కొన్ని ఎడమవైపునుండి రిమ్మును లాగుచుండును. బరువు పడినప్పుడు అడుగుననున్న కమ్ముల బిగువు కొంత తగ్గును. అవి పూర్తిగా సడలనంతవరకు చక్రము నిలుచును. ఒక కమ్మి సడలినయెడల దాని భారము ప్రక్కవాటి మీద పడును. ఒకటి తెగినను బండి నడుచును. నడుచుచున్నది గదా అని ఊరకుండుట వలననే మరి రెండు తెగును.

ఇప్పుడు పని చూడుడి. తెలిసిన మెకానిక్కు చక్రమును వెంటనే విప్పడు. ముందు స్పోకులు ఒకదాని నొకటి ఎన్ని సారులు దాటుచున్నవో, ఏది లోపలినుండి వచ్చినదో, ఏది వెలుపలినుండి వచ్చినదో గురుతు వ్రాసికొనును. రిమ్ము హబ్బునకు సరిగా నడుమ నున్నదా, ఒక ప్రక్కకు జరిగియున్నదా అని కొలిచి వ్రాసికొనును. కొన్ని బండ్లలో బ్రేకు డ్రమ్ము ఒక వైపున నుండుటచేత రెండు వైపుల కమ్ముల పొడవు ఒకటి కాదు. ఈ కొలత తీయక విప్పినవాడు తరువాత ఎంత కష్టపడినను చక్రము బండి నడుమకు రాదు. పిమ్మట నిప్పిళ్లకు నూనె పట్టించి నాననిచ్చును. ఒక ప్రక్కనే విప్పక చుట్టును కొంచెము కొంచెముగా సడలించును. తుప్పుపట్టి కదలని కమ్ములను కత్తిరించి పారవేయును. వాటిని తిరిగి వాడడు.

టైరు తీసినప్పుడే నిజము బయటపడును. వెలుపల మెరయుచున్న రిమ్ము లోపలితట్టున, ట్యూబు క్రింద, ఎర్రని పొరలు పొరలుగా లేచియుండును. వానకాలమున చొచ్చిన నీరు అక్కడ ఏండ్ల తరబడి నిలిచెను. దానిని రుద్దినప్పుడు మూడు విధములైన ఉక్కు కనబడును. ఒకచోట తుప్పు పైపైన మాత్రమే. ఎమిరీ కాగితముతో పోవును. ఒకచోట గుంటలు పడియుండును గాని క్రింది లోహము మందముగా నున్నది. మరియొకచోట నిప్పిలు కూర్చుండు రంధ్రము చుట్టును లోహము కాగితమువలె పలుచనైయుండును, లేక సన్నని పగులు ఉండును. ఈ మూడింటికి ఒకే మందు లేదు. మొదటిది తుడువదగినది, రెండవది నింపి నునుపు చేయదగినది, మూడవదానిని విడిచిపెట్టి క్రొత్త రిమ్మును తెచ్చుకొనవలసినదే.

ఇక పూత సంగతి. మనము క్రోమియం మెరుపు అనుకొనునది నిజముగా చాల పలుచని పొర. మన తలవెంట్రుక మందములో నూరవ వంతు కూడ సాధారణముగా ఉండదు. దాని క్రింద నికెల్ పొర ఉండును; నీటిని ఆపి ఉక్కును కాపాడునది ముఖ్యముగా ఆ నికెలే. కొందరు దానికిని క్రింద రాగి పొర వేయుదురు. అయితే క్రోమియం ఏ గుంటను పూడ్చదు. క్రింద ఎంత నునుపు చేసితిమో అంతే పైన మెరయును. క్రింద గీత యుండిన పైనను గీత కనబడును. గనుక మెరుపులో ఎక్కువ భాగము పూతవేయువానిది కాదు, పూతకు ముందు రుద్దినవానిది.

ఇంకొక సంగతి. పూతకు ముందు ఉక్కును ఆమ్లములో ముంచుదురు. అప్పుడును, పూత వేయునప్పుడును హైడ్రోజన్ గట్టి ఉక్కులోనికి చొచ్చి దానిని పెళుసు చేయగలదు. కాబట్టి స్పోకుల వంటి గట్టి ఉక్కు సామానును పూత అయిన వెంటనే సుమారు 200 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచి ఆ దోషము తీయుదురు. అట్లు చేయనివాని కమ్మి కూడ అంతే అందముగా మెరయును. కంటికి తేడా తెలియదు, దారిలో తెలియును.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. ఇట్టి సంగతి ఒకటి ఊహించుడి. తండ్రి చనిపోయెను. ఆయన బుల్లెట్టు ఇంటిలో నిలిచియున్నది. కూతురి పెండ్లికి డబ్బు కావలెనని పెద్దకుమారుడు దానిని అమ్మజూచుచున్నాడు. కొనువాడు పట్టణమునుండి వచ్చువాడు. మెకానిక్కు టైరు తీసి వెనుక రిమ్ములోని పగులును చూపెను. "పైన మెరుపు పెట్టుము, టైరు ఎక్కించుము, ఆయన దీనిని ప్రదర్శనకు పెట్టుకొనునే గాని దూరప్రయాణము చేయడు" అని కుమారుడు చెప్పెను. అతడు దుష్టుడు కాడు. అతని కష్టము నిజమైనది. మెకానిక్కునకు కూడ ఆ దినపు కూలి కావలెను. ఇందులో తప్పు ఎవరిది?

ఇల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఆజ్ఞ యున్నది. ఎవడైనను అక్కడనుండి పడినయెడల ఆ రక్తాపరాధము ఇంటిమీదికి వచ్చును. ఈ ఆజ్ఞలో ఒక సూక్ష్మము కలదు. ఇంటివాడు ఎవనిని త్రోయలేదు. పడినవాడు ఎవడో, ఎప్పుడు పడునో ఇంటివానికి తెలియదు. అయినను అపాయము అక్కడ నున్నదని అతనికి తెలియును, ఎక్కువానికి తెలియదు. తెలిసినవాడు తెలియనివాని ప్రాణమునకు ఉత్తరవాది. బుల్లెట్టు కొన్నవాడు దానిని నడుపడని మనకెవరు చెప్పిరి? అతని కుమారుడు నడుపవచ్చును. అతనియొద్ద మరియొకడు కొనవచ్చును. పగిలిన రిమ్ముకు మెరుపు పెట్టినవాడు పిట్టగోడ లేని మిద్దెమీద దుప్పటి పరచినవాడే. చెప్పిన కుమారునికిని చేసిన మెకానిక్కునకును అందులో పాలు కలదు. "చెప్పినట్లు చేసితిని" అను మాట మెకానిక్కును కాపాడదు. ఏలయనగా పగులును మొదట చూచినది అతని కన్నే.

అయితే, ప్రతి గీతను చాటింపు వేయవలెనా అని ఎవరైనను అడుగవచ్చును. అది న్యాయమైన ప్రశ్న. పాత బండ్లను ప్రేమించువారు అన్నిటిని క్రొత్తగా చేయవలెనని కోరరు. ట్యాంకు మీద తండ్రి మోకాళ్లు రాచి అరిగిన రంగును కొందరు అట్లే ఉంచుదురు. హబ్బు మీద పాత గీత యుండిన దానిని తుడిచి, నూనె రాసి విడిచిపెట్టుదురు. ఆ గీత మీద ఏ బరువును పడదు. దానిని కప్పినను ఎవనికి హాని లేదు, కప్పకున్నను సిగ్గు లేదు. బరువు మోయుచోట మాత్రము రాజీ పనికిరాదు. ఇక్కడనే మనము వెదకిన గీత కనబడుచున్నది. లోపము ఉన్నచోట ఎవని బరువు పడును? ఎవని బరువును పడనిచోట ప్రేమతో కప్పవచ్చును. మరియొకని ప్రాణమో బ్రతుకో ఆనియున్న చోట, వానికి తెలియకుండ కప్పుట దాచుటయే.

రెండవ భేదము కూడ ఈ పనిలోనే యున్నది. పూత చెడ్డది కాదు. శుభ్రము చేసిన ఉక్కును పూత లేక విడిచినయెడల ఒక వానకాలములోనే మరల ఎర్రబడును. బాగుపడిన లోహమునకు కప్పు అవసరము. మనుష్యుడును అంతే. త్రాగుడు మాని మూడేండ్లు నిలకడగా నున్నవానిని, రచ్చబండ మీద కూర్చున్నవారు ప్రతిదినము పాత పేరుతోనే పిలిచినయెడల వాడు మరల తుప్పుపట్టును. వానిని ఆ మాటలనుండి కప్పుట సంఘము యొక్క పని. పేతురు చెప్పిన కప్పుట ఇట్టిదని నేను నమ్ముచున్నాను. రుద్దిన తరువాత వేయు పూత కప్పుట. రుద్దుటకు బదులు వేయు పూత దాచుట.

దీనిని మన ఇండ్లకు అన్వయించుకొందము. పెండ్లిచూపులప్పుడు, "చిన్న అలవాటు, పెండ్లియైన తరువాత అదే మానును" అని చెప్పుకొనుట మనము వినుచున్నాము. పెండ్లికుమారుడు సారాకు బానిసయని వీధి అంతటికి తెలియును. పెండ్లికుమార్తె తండ్రికి మాత్రము తెలియదు. సంఘపు పెద్దను మంచి మాట చెప్పుమని అడుగుదురు. పాదిరిని మంచి ఉత్తరము వ్రాయుమని అడుగుదురు. వారు అడుగుచున్నది ప్రేమ పేరిటనే: "పాపము, పిల్లవాని బ్రతుకు బాగుపడనిండు" అందురు. కాని ఆ లోపము మీద ఎవరి బరువు పడబోవుచున్నది? ఇరువది ఏండ్ల ఆడపిల్ల తన యావజ్జీవ భారమును ఆ పగులు మీద మోపబోవుచున్నది. ఆమెకు తెలియదు. ఇట్టిచోట మంచి ఉత్తరము వ్రాసినవాడు పగిలిన రిమ్ముకు మెరుపు పెట్టినవానికంటె మేలైనవాడు కాడు. వ్రాయననుట అవమానమని, బంధుత్వము చెడునని తోచవచ్చును. తోచనిండు. పిల్లవాని మీద నిజమైన ప్రేమ గలవాడు ముందు వానిని రుద్దుటకు పూనుకొనును. వాడు బాగుపడిన పిమ్మట వాని ప్రక్కను నిలిచి ఉత్తరము వ్రాయును, అమ్మాయి తల్లిదండ్రులకు జరిగినది చెప్పియే వ్రాయును.

మెరుపునకు వెల ఎవరు చెల్లించుచున్నారో కూడ తలంపవలెను. క్రోమియం పూతవేయు తొట్టెలనుండి లేచు ఆవిరిలో ఒక విధమైన క్రోమియం విషము ఉండును. తగిన గాలి మార్గమును, ముసుగును లేక దానిని పీల్చు పనివానికి ముక్కులోని అడ్డుగోడకు రంధ్రము పడుటయు, ఊపిరితిత్తులలో పుట్టకురుపు పుట్టుటయు కలుగగలదు. అందుచేత తక్కువ హాని గల మరియొక విధమైన క్రోమియమును వాడు పద్ధతులు వచ్చినవి. మన చక్రము మెరయునప్పుడు ఆ పనివాడు మనకు కనబడడు. అట్లే కుటుంబపు పరువు మెరయునప్పుడు, తలుపు వెనుక దెబ్బలు తినుచు నోరు మూసికొన్న స్త్రీ మనకు కనబడదు. దాచుటకు వెల లేదనుకొనవద్దు. వెల యున్నది, దానిని తరచుగా నోరులేనివారు చెల్లించుచున్నారు.

చివరి పని చక్రమును చక్కచేయుట. హబ్బులో క్రొత్త కమ్ములు దూర్చి, రిమ్ముకు అల్లి, నిప్పిళ్లన్నిటిని ఒకే లోతునకు త్రిప్పి, దానిని ఇరుసు మీద నిలబెట్టి త్రిప్పి చూచుదురు. రిమ్ము ఎడమకు ఊగినచో, తెలియనివాడు అక్కడ కుడివైపు కమ్మిని ఒకదానిని పట్టి బలముగా బిగించును. తెలిసినవాడు అక్కడి రెండు మూడు కుడి కమ్ములను పావు చుట్టు బిగించి, వాటి ఎదుటి ఎడమ కమ్ములను అంత సడలించును. మరల త్రిప్పి చూచును. ప్రక్క ఊగులాట తీసిన పిమ్మట ఎత్తుపల్లములు తీయును, అది తీయునప్పుడు ఇది కొంచెము చెడును, మరల వచ్చును. చిన్న పానాతో ప్రతి కమ్మిని తట్టి నాదము వినును. సడలినది మొద్దుగా పలుకును. మిక్కిలి బిగిసినది కీచుమనును. ఒక ప్రక్క కమ్ములన్నియు ఇంచుమించు ఒకే స్వరము పలుకవలెను. తుదకు ట్యూబును పొడువకుండ కమ్ముల కొసలను అరగదీయును. కొంత దూరము నడిపిన తరువాత మరల తెమ్మనును. ఏలయనగా క్రొత్త కమ్ములు సర్దుకొని కొంచెము సడలును.

తప్పిపోయినవానిని చక్కచేయుటయు ఇట్లే గదా? ఒక్క ఆదివారమున అందరి ఎదుట నిలువబెట్టి, ఒక్క కమ్మిని తెగునంతగా బిగించి, సరి అయినదని మనము ఇండ్లకు పోవుచున్నాము. వాడు వంగుటకు కారణము ఎదుటివైపున ఉండవచ్చును: అప్పు, నిరుద్యోగము, ఇంటిలోని పోరు, త్రాగించు స్నేహితులు. ఒకచోట బిగించి, మరియొకచోట సడలించి, పావు చుట్టు పావు చుట్టుగా పనిచేసి, కొంతకాలమునకు మరల పిలిచి చూచుట ఓపికగల పని. ఈ ఓపిక లేనందుననే మనము పూతను ఎన్నుకొనుచున్నాము. దాచుట ఒక్క గడియలో అగును. బాగుచేయుటకు దినములు పట్టును.

కాబట్టి ప్రియులారా, ఎవని లోపమునైనను కప్పవలసి వచ్చినప్పుడు మూడు సంగతులు విచారించుడి. దీనిమీద ఎవరి బరువు పడును? ఆ బరువు మోపువానికి ఇది తెలియునా? కప్పకముందు రుద్దుట జరిగినదా? ఈ మూడింటికి తిన్నని జవాబు దొరికినయెడల నిర్భయముగా కప్పుడి, అది ప్రేమయే. దొరకనియెడల చేతిలోని పూతను ప్రక్కన పెట్టుడి. ఆ ఊహలోని కుమారుడు కొనువానితో, "రిమ్ము పగిలియున్నది, క్రొత్తది వేయించి ఇచ్చెదను, లేక వెల తగ్గించి ఇచ్చెదను, మీరు వేయించుకొనుడి" అని చెప్పినయెడల అతనికి కొన్ని వేల రూపాయలు తగ్గవచ్చును. పెండ్లి కొంచెము చిన్నదిగా జరుగవచ్చును. కాని కూతురిని అత్తవారింటికి పంపునాడు, తాను మరియొకని బిడ్డ క్రింద పగిలిన చక్రమును పెట్టి పంపలేదను నెమ్మది అతనికి ఉండును.